మడత మీద కత్తిరించని గౌను

నాకు మనుషుల్ని మెచ్చుకోవడం తేలికగా రాదు. మా ఇంట్లోవాళ్ళనడిగితే అసలు రాదనే చెబుతారు. దెల్మీరా పేరెత్తితే మాత్రం నా నోరు దానంతట అదే మెత్తబడుతుంది. ఉరుగ్వే నది ఒడ్డున సాల్తోలో, మా వీధి చివరి ఇంట్లో ఉండేదావిడ. పెద్దావిడన్న మర్యాదతో అందరూ దోన్యా అనేవాళ్ళు. చలికాలమంతా నారింజ షెడ్డులో పళ్ళకు కాగితాలు చుట్టేది. ఎండాకాలం పని ఉండేది కాదు కాబట్టి వీధిలో ఆడవాళ్ళ చేత గౌన్లు కుట్టించేది.

కుట్టించేది అన్నాను, కుట్టేది అనలేదు. డబ్బిస్తాం, ఒక గౌను కుట్టిపెట్టమని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపేసేది. "నీకు రెండు చేతులున్నాయిగా. మిషను నాది, ఒళ్ళు నీది, నువ్వే కుట్టుకో," అనేది. గురువారం మధ్యాహ్నాలు ఆ ఇల్లు కిటకిటలాడేది. ఎవరి గుడ్డ వాళ్ళు తెచ్చుకోవాలి. మాతే ఆకుల కషాయం తాగే బుర్ర చేతులు మారుతూ తిరిగేది కానీ, దాన్ని గుడ్డలు పరిచిన బల్ల దగ్గరికి తెస్తే మాత్రం వేళ్ళ మీద స్కేలుతో ఒకటి పడేది.

నమూనాలు యూరప్ నుంచి వచ్చే పత్రికలో ఉండేవి. వాళ్ళ ఎండాకాలం సంచిక మాకు జూలైలో, చలికి వేళ్ళు కొంకర్లు పోతున్నప్పుడు చేరేది. దెల్మీరా దాన్ని నవంబరు దాకా పరుపు కింద దాచేది. లోపల దుప్పటంత కాగితం ఒకటి మడతలు పెట్టి ఉండేది. దాని మీద ముప్పై గౌన్ల గీతలు ఒకదాని మీద ఒకటి అచ్చేసి ఉండేవి. సిరాలో ముంచిన చీమల్ని దాని మీద వదిలారేమో అనుకున్నాను నేను మొదటిసారి చూసి. దెల్మీరా వేలు పదిహేడో నంబరు మెడ దగ్గర మొదలైతే, చంక గుండ్రం తిరిగి, నడుము దిగి, అంచు దాకా వెళ్ళేది. ఒక్కసారి కూడా పక్క గౌను గీత మీదికి జారేది కాదు. ఆ వేలికి ఎలా తెలిసేదో నాకు ఇప్పటికీ అంతుపట్టదు.

ఆ నమూనాల్లో కుట్టు కోసం వదిలే జాగా ఉండదు. మనమే చుట్టూ వేలెడు కలుపుకుని కత్తిరించాలి. మా అమ్మ ఆ మాట చెవిన పెట్టకుండా సరిగ్గా గీత మీదే కత్తిరించి తనకని ఒక పైజాకెట్టు కుట్టింది. అది నాకు అమరినట్టు సరిపోయింది. అప్పుడు నాకు పదమూడేళ్ళు. అమ్మ నా కోసమే కుట్టిందని వీధంతా తిరిగి చూపించి వచ్చాను. అమ్మ వారం రోజులు నాతో మాట్లాడలేదు.

మా అక్క నెలిదాకు అప్పుడు పదిహేడు. పన్నెండో ఏట వెన్ను వంగడం మొదలై, కుడి భుజం ఎడమదాని కంటే మూడు వేళ్ళు పైకి లేచింది, ఎడమ నడుము లోపలికి పోయింది. ఆనాటి నుంచి ఐదు ఎండాకాలాలు ఆమె ఊలు స్వెట్టర్ విప్పలేదు. సాల్తో జనవరి మండుటెండల్లో ఊలు స్వెట్టర్! ఒకసారి రొట్టెల కొట్టు వరసలో కళ్ళు తిరిగి పడిపోయింది. లేపినవాళ్ళు బొత్తాలు విప్పబోతే, సగం స్పృహలో కూడా రెండు చేతులూ గుండెకు కట్టుకుని విప్పనివ్వలేదు. ఆదివారం తోటి ఆడపిల్లలంతా నది ఒడ్డుకు పోతుంటే మా అక్క కిటికీ మూసుకుని కూర్చునేది. ఆ నవ్వులు వినపడకుండా మూసేదని నాకు తెలుసు.

ఆ ఏడు కార్నివాల్‌కు నెల ముందు ఏం బుద్ధి పుట్టిందో, పసుపు పువ్వుల గుడ్డ కొనుక్కొచ్చింది. అంతకు ముందు ఎన్నడూ సూది పట్టని మనిషి గురువారం దెల్మీరా ఇంటికి వచ్చి, ఓ మూల కూర్చుని పదిహేడో నంబరు గీసుకుంది. చేతుల్లేని గౌను, భుజాల మీద సన్నటి పట్టీలు. పత్రికలో చెప్పినట్టే గుడ్డను మధ్యకు మడిచి, నమూనాను మడత మీద పెట్టి కత్తిరించింది. నమూనా ఎప్పుడూ సగమే ఉంటుంది. మడత విప్పితే రెండో సగం అదే వస్తుంది. మనిషి రెండు పక్కలూ ఒకటేనని ఆ కాగితానికి ధీమా.

రెండో గురువారానికి కుట్టడం పూర్తయింది. లోపలి గదిలో తొడుక్కుని అద్దం ముందు నిలబడింది. నేను వెనకే ఉన్నాను. ఎడమ పట్టీ జారిపోయింది. కుడి పక్క గుడ్డ పీక్కుపోయింది. అంచు ఒక పక్క మోకాలి మీద ఉంది, ఇంకో పక్క పిక్క దాకా దిగింది. స్వెట్టర్ దాచిందంతా ఆ గౌను పనిగట్టుకుని చూపించింది. అక్క ఏడవలేదు. గౌను విప్పి బల్ల మీద పరిచి, కత్తెర తీసుకుని ముందు వైపు మెడ నుంచి అంచు దాకా చీల్చేసింది.

"నాకు గౌన్లు నప్పవు దోన్యా. గౌను తప్పేం లేదు. నాదే," అని స్వెట్టర్ బొత్తాలన్నీ పెట్టుకుని వెళ్ళిపోయింది.

దెల్మీరా ఒక్క ఓదార్పు మాటైనా అనలేదు. ఆ చీలికలు మడిచి పక్కన పెట్టి, మిషనుకు నూనె వేసుకుంటూ కూర్చుంది. నాకు ఒళ్ళు మండిపోయింది. ఇంత రాతి మనిషా అనుకున్నాను.

మర్నాడు వీధిలో ఒక కబురు పాకింది. దెల్మీరా దగ్గర ఆడవాళ్ళందరి కొలతలతో గీసిన నమూనాలుండేవి, ట్రంకు పెట్టెలో ఒక్కొక్కరివి విడివిడిగా. వాటిని ఎలుకలు కొట్టేశాయట. అందరూ వచ్చి మళ్ళీ కొలతలిచ్చుకోవాలట. మూడు రోజుల పాటు మండుటెండలో ఇరవై ఆరు మంది సణుక్కుంటూ వచ్చారు. ముందటేడు కార్నివాల్‌లో అందాల రాణిగా కిరీటం పెట్టించుకున్న ఎల్సిరా గొడుగేసుకుని వచ్చి, ఊళ్ళో ఇన్ని నడుములుండగా ఎలుకలకు కూడా తన నడుమే కావలసి వచ్చిందా అని వగలు పోయింది. అందరూ వెళ్తుంటే నేనూ వెళ్ళాను. దెల్మీరా నన్నూ వదల్లేదు.

మా అమ్మ నోరు ఊరుకోదు. "ఇదేంటి దోన్యా, ఎడమ పక్కా కొలుస్తున్నారు, కుడి పక్కా కొలుస్తున్నారు? నాకేమన్నా రెండో ఒళ్ళు మొలిచిందా?" అంది.

"కబుర్లాపి ఊపిరి పీల్చు," అంది దెల్మీరా, పళ్ళ మధ్య గుండుసూదులతో.

మంగళవారం పొద్దున ఆవిడే మా గుమ్మంలోకి వచ్చింది. ఎవరింటికీ వెళ్ళే మనిషి కాదు. తన ఇల్లేమీ చెత్తబుట్ట కాదనీ, వచ్చి ఆ పసుపు గుడ్డ తీసుకుపొమ్మనీ అక్కతో గట్టిగా చెప్పి వెనక్కి తిరిగింది. అక్క మొహం మాడ్చుకుని బయల్దేరింది, వెనకే నేను.

గదిలో నాలుగు గోడలకూ న్యూస్‌పేపర్లతో కత్తిరించిన నమూనాలు మేకులకు వేలాడుతున్నాయి. సగాలు కాదు, నిండు మనుషులు. ఒక్కొక్కరికీ ముందు భాగమొకటి, వెనక భాగమొకటి. ఒక్కోదాని మీదా పేరు. నేనూ అక్కా అంతకు ముందు ఎవరి నమూనా చూసి ఎరగం. మాకు తెలిసిందల్లా పత్రికలోని సగాలే.

దెల్మీరా స్కేలు తీసుకుని ఒక్కోటీ చూపించింది. "ఇది ఎల్సిరా. ఎడమ తుంటి చూడు, రెండు వేళ్ళు కిందికి. ఇది మీ అమ్మ. బట్టలు పిండీ పిండీ కుడి పక్కంతా లావు. ఇది నేను. నారింజ బుట్టలు మోసి ఈ భుజం ఎప్పుడో దిగిపోయింది. ఇదిగో నీ చెల్లెలు. పదమూడేళ్ళకే వంకర."

నేను నోరు తెరిచాను. ఆవిడ స్కేలు నా వైపు తిప్పింది. మూశాను.

"పత్రికవాళ్ళు సగం మనిషినే గీస్తారు తల్లీ. ఆ రెండో సగం వాళ్ళెన్నడూ చూడలేదు," అంది. "నువ్వు ఆ కాగితాన్ని నమ్మి నిన్ను నువ్వే తప్పు పట్టుకున్నావు."

అక్క గోడ వెంబడి మెల్లగా నడిచింది. ఒక్కో కాగితం ముందూ ఆగి, దగ్గరికి వంగి, పేపరు చదువుతున్నట్టే చూసింది. చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చి, గది మధ్యలో నిలబడి, స్వెట్టర్ బొత్తాలు తనే విప్పుకుంది. ఐదేళ్ళలో మా అక్క బయటివాళ్ళ ముందు స్వెట్టర్ విప్పడం నేను చూసింది అదే మొదటిసారి.

దెల్మీరా ఒక కొత్త పేపరు పరిచింది. మడవలేదు. టేపు పెట్టి ఎడమ పక్క కొలిచి గీసింది, తర్వాత కుడి పక్క. ఒక భుజం పైకి, ఒకటి కిందికి, ఎడమ నడుము దగ్గర గీత లోపలికి వంగింది. అంతా అయ్యాక చూస్తే, ఒక కాలి మీద బరువేసి, గుమ్మానికి ఆనుకుని తీరిగ్గా నిలబడ్డ అమ్మాయి కనపడింది. మా అక్క అచ్చంగా అలాగే నిలబడుతుంది.

చీల్చిన గుడ్డనే వాడారు. ముందు వైపు చీలిక బొత్తాల పట్టీ అయింది. చాలని చోట తెల్ల గుడ్డ అతికారు. కుట్టిందంతా అక్కే. ఆవిడ మిషను ముట్టుకోలేదు, రెండుసార్లు మాత్రం విప్పించి మళ్ళీ కుట్టించింది. శనివారం అక్క గౌను తొడుక్కుని నిలబడితే, దెల్మీరా నేల మీద మోకాళ్ళూని అంచు చుట్టూ స్కేలు పెట్టి కొలుచుకుంటూ వచ్చింది. చుట్టూతా ఒకే ఎత్తు. పట్టీ జారలేదు, గుడ్డ పీకలేదు. అంత వంకర గీతల్లోంచి అంత సమమైన అంచు ఎలా వచ్చింది? చర్చిలో మోకాళ్ళ మీద కూర్చున్నప్పుడు కూడా నాకు అంత భక్తి కలగలేదు. ఉన్నమాట చెబుతున్నాను.

ఆదివారం అక్క స్వెట్టర్ లేకుండా నది ఒడ్డుకు వెళ్ళింది. జనం చూశారు, చూడలేదని చెప్పను. ఎల్సిరా తనే అక్క దగ్గరికి వచ్చి, ఆ గౌను పత్రికలో ఏ నంబరని అడిగి మరీ వెళ్ళింది. సాయంత్రానికి అక్క భుజాలు ఎండకు కందిపోయాయి. వారం రోజులు పెరుగు రాయించుకుంటూ, ముట్టుకుంటే మూలుగుతూ, ఇల్లంతా తానే అయి తిరిగింది.

దెల్మీరా పోయింది నిరుడు మార్చిలో, తొంభై దాటాక. ఆవిడ మేనల్లుడు ట్రంకు పెట్టె తెచ్చి నాకిచ్చాడు. పైన ఆ నిండు నమూనాలు ఉన్నాయి. ఎల్సిరాది తీసి పరిచాను. వీపు ముక్క మీద, ఆ పేపర్లో అచ్చయిన, నదిలో పడి ఈదుకుంటూ ఒడ్డుకొచ్చిన ఎద్దు ఫోటో. మా అమ్మది పరిచాను. అదే ఎద్దు. నాది, దెల్మీరాది, మిగతావాళ్ళవి, అన్నిటి మీదా అదే ఎద్దు, అదే జనవరి తేదీ, అక్క గౌను చీల్చిన మర్నాటిది. అమ్ముడుపోని పేపర్ల కట్ట కొనుక్కొచ్చినట్టుంది. పెట్టె అడుగున పాత నమూనాలు పదిలంగా ఉన్నాయి. అన్నీ సగాలే. ఒక్కదానికీ ఎలుక పన్ను తగల్లేదు.

అంటే అప్పటిదాకా ఆవిడా అందరికీ మడత మీదే కత్తిరించింది. నేను ఆవిణ్ణి రాతి మనిషి అనుకున్న ఆ మూడు రోజుల్లోనే ఇరవై ఆరు మందిని రెండు పక్కలా కొలిచి, గీసి, కత్తిరించి గోడలకు తగిలించింది. కొలతల్లో ఒక్కటీ అబద్ధం లేదు. ఎలుకలు మాత్రమే అబద్ధం.

అక్కకు చెప్పాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఊళ్ళో అందరూ వంకరేనని దెల్మీరాకు ఎప్పటి నుంచో తెలుసన్న నమ్మకంతోనే కదా ఆ రోజు స్వెట్టర్ విప్పింది. చివరికి ఉండబట్టలేక కాగితాలన్నీ పట్టుకెళ్ళి ఆమె ముందు పరిచాను. అక్క కళ్ళజోడు కూడా పెట్టుకోలేదు.

"ఎద్దేగా," అంది. "ఆ రోజే చూశాను. ఎల్సిరా మీద అదే, అమ్మ మీద అదే, నీ మీదా అదే. తేదీ కూడా చదివాను."

"మరి అప్పుడు..."

"అందుకే విప్పానే. అందరూ వంకరేనని కాదు. ఆ ఎండలో ఆవిడ నా కోసం ఊరంతటినీ మళ్ళీ కొలిచింది. ఇంకా స్వెట్టర్ పట్టుకుని వేలాడితే నేనేం మనిషినే?"