మూటల కాడ అమ్మాసి

ఆ రోజు అమ్మాసికి ఎవరి మీద కోపమని అడిగితే ముందు మొగుడి మీద అని చెప్పాలి. ఆ తర్వాత అత్త మీద, పిల్లల మీద, చాప మీద, నీళ్ళకూజా మీద, చివరికి బీచిలో ఇసుక మీద కూడా. పాపం, ఇసుకేం చేసిందంటారా? చంకలో చంటిపిల్ల, నెత్తిన మూట, చేతిలో కూజా పెట్టుకుని ఆ ఇసుకలో పది అడుగులు వేసి చూడండి, మీకే తెలుస్తుంది.

వాళ్ళది తిరువొత్తియూరు. సముద్రానికి రెండు వీధులు ఇవతల, పెంకుటిళ్ళ వరసలో మూడో ఇల్లు. అమావాస్యనాడు పుట్టిందని అమ్మాసి అని పేరు పెట్టారు. అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లలు పెట్టెల్లో సర్దే పని ఆమెది. పక్కమనిషితో కబుర్లు చెబుతూనే, చేతివైపు చూడకుండానే, పెట్టెకు సరిపడా పుల్లలు గుప్పిట్లోకి తీసేది. ఒకటి ఎక్కువ ఉండదు, ఒకటి తక్కువ ఉండదు. మొగుడు ఏళుమలై హార్బరులో ఖలాసి. మంచివాడే. తాగడు, చెయ్యి చేసుకోడు. అన్నీ తనకే తెలుసనుకుంటాడు, అంతే. ఆ జబ్బుకు మాత్రం మద్రాసు జనరల్ ఆస్పత్రిలో కూడా మందు లేదు.

ఆ ఇంట్లో ఒక వాడుక ఉంది. ఇంటిల్లిపాదీ కలిసి ఎక్కడికి పోయినా చెప్పులూ, మూటలూ, అన్నం క్యారియరూ ఒకచోట కుప్పపోసి వాటి కాడ కోడల్ని కూర్చోబెడతారు. కాపురానికొచ్చిన ఏడు గుడి తేరు చూద్దామని పోతే అమ్మాసి చెప్పుల కాడ కూర్చుంది. హార్బరులోకి పెద్ద ఓడ వచ్చిందంటే ఊరంతా పోయింది, ఆమె షెడ్డు నీడన మూటల కాడ కూర్చుంది. వీధిలో కూత్తు ఆడితే నాటకమంతా ఆమెకు వెనకనుంచి వినపడిందేగానీ ఒక్క వేషమూ కనపడలేదు. ఇంటికొచ్చాక ఏళుమలై చేతులు తిప్పుతూ చెప్పేవాడు, తేరు ఇంత ఎత్తు, ఓడ ఇంత పొడుగు, రాజు వేషగాడి కిరీటం ఇంత మెరుపు అని. అందులో సగం కోతలని అమ్మాసికి గట్టి అనుమానం. కానీ కాదని చెప్పాలంటే తను చూసి ఉండాలి గదా! పద్నాలుగేళ్ళుగా లోకాన్ని మొగుడి నోటితోనే చూస్తూ వచ్చింది.

అందుకే, ట్రాములింకా తిరుగుతున్న ఆ రోజుల్లో, రిపబ్లిక్ డేకి బీచిలో బాణసంచా కాలుస్తారట అని ఏళుమలై కబురు తెచ్చినప్పుడు ఆమె చేతిలో గరిటె అలాగే పట్టుకుని నిలబడింది.

"ఈసారి నేను చూడాల. నువ్వొచ్చి చెప్పేది నాకొద్దు" అంది.

"చూద్దువు లేమ్మే. నీ తల మీదొట్టు. ముందు వరసలో కూచోబెడతా, నాకు తెలీదా?" అన్నాడు ఏళుమలై.

నాకు తెలీదా అన్నప్పుడే ఆమెకు భయం పట్టుకుని ఉండాల్సింది. ఆశ మనిషిని అంత గుడ్డిదాన్ని చేస్తుంది.

బాణసంచా సాయంత్రం ఆరున్నరకి. వీళ్ళు బయల్దేరింది పగలు పన్నెండుకి. ఎందుకంటే కూత్తుకు మధ్యాహ్నమే ఎవరు చాప పరిస్తే ముందు జాగా వాళ్ళది. పొద్దుగూకాక ఎంత గొప్పవాడొచ్చినా ఆ చాపను జరపడు. తిరువొత్తియూరులో అది మాట తప్పని ధర్మం. పట్నం బీచికి కూడా అదే ధర్మమని ఏళుమలై తేల్చేశాడు. హైకోర్టు దగ్గర బస్సు దిగి, కోట పక్కగా, ఇనుపవంతెన దాటి నడిచారు. పదేళ్ళ సీత కాళ్ళు నొప్పులని ఏడుపు. ఎనిమిదేళ్ళ కృష్ణన్ కనపడిన బండినల్లా చూసి "అమ్మా, సుండల్ వేణుం!" అని గుగ్గిళ్ళ కోసం ఒకటే రాగం. అత్త అయితే ప్రతి చెట్టు కిందా చతికిలబడి, వెంట తెచ్చుకున్న చిన్న రోట్లో ఆకూ వక్కా దంచుకోనిదే లేవదు. అమ్మాసికి తల ప్రాణం తోకకొచ్చింది.

రెండు గంటలకి బీచి బోసిగా ఉంది. పది పన్నెండుమంది కూలీలు ఇసుకలో వెదురుబొంగులు పాతి, వాటికి అడ్డంగా చట్రాలు కడుతున్నారు. ఏళుమలై ముఖం చాటంత అయ్యింది.

"అదో చూడు! స్టేజీ కడతా ఉండారు. నేను చెప్పలా?" అని సరిగ్గా ఆ బొంగులకు పది బారల దూరంలో చాప పరిచేశాడు.

"ఏమయ్యా, బాణాలు పైకి గదా పోయేది, వాటికి స్టేజీ ఎందుకు?" అంది అమ్మాసి.

"నీకేం తెలుసు, ఊరుకో."

ఊరుకుంది. మూడు గంటలపాటు ఆ ఎండలో ఊరుకునే కూర్చుంది. మూడింటికల్లా కూజాలో నీళ్ళు అయిపోయాయి. మూడున్నరకల్లా రాత్రికని తెచ్చిన చింతపండన్నం అయిపోయింది. చంటిది ఇసుక తిన్నది. కృష్ణన్ తడవొద్దంటే తడిసి వచ్చాడు. అత్త రోలు టకటకమంటూనే ఉంది. ఏళుమలై మాత్రం జమీందారులా కాళ్ళు చాపుకుని, వెనకాల దూరంగా పోగవుతున్న జనాన్ని జాలిగా చూశాడు. పిచ్చినాయాళ్ళు, ముందుకొచ్చి కూచోవచ్చు గదా అని వాళ్ళ మీద సానుభూతి కూడా చూపించాడు.

అయిదు గంటలకి ఒక లారీ వచ్చింది. దాంట్లోంచి పెట్టెలు దించుతున్నవాళ్ళు చంటిపిల్లల్ని దించినంత పదిలంగా దించారు. వాళ్ళలో ఒకడు చాప వైపు చూసి కేకపెట్టాడు. ఆ కేకకు ఒక పోలీసాయన పరిగెత్తుకొచ్చాడు. ఆయన అరవంలో తిట్టిన తిట్లలో రాయదగినంత వరకు సారాంశం ఏమంటే, నిప్పంటించే చోట వచ్చి సంసారం పెట్టారేమయ్యా, మిమ్మల్ని కూడా కలిపి ఆకాశానికి పంపమంటారా అని.

ఆ బొంగులు స్టేజీ కాదు. బాణసంచా కట్టే చట్రాలు.

మూటలు ఎత్తుకుని, చాప చుట్టుకుని, పిల్లల రెక్కలు పట్టుకుని వెనక్కి నడిచేసరికి తాడు కట్టిన గీత వెనకాల ఇసుకేస్తే రాలనంత జనం. అందరికన్నా ముందొచ్చినవాళ్ళు అందరికన్నా వెనకపడ్డారు. వీళ్ళు పోతుంటే జనం నవ్వారు. ఒకామె "పాపం, వంట కూడా ఆడే చేసుకోనుంటారు" అంది తెలుగులో, వీళ్ళకు తెలుగు రాదనుకుని. అమ్మాసికి ఒళ్ళు మండిపోయింది. చివరికి దొరికిన జాగా ఒక సుండల్ బండి వెనకాల, ఆరడుగుల మనుషుల గుంపుకు పక్కన.

"ముందు వరస! భలే ముందు వరస!" అంది పళ్ళు నూరుతూ.

ఏళుమలైకి సిగ్గు ఒక క్షణమే ఉంది. ఆ తర్వాత మళ్ళీ అన్నీ తెలిసినవాడైపోయాడు. "సరే, విను. నువ్వు ఈడ మూటల కాడ కూచో. నేను పిల్లోళ్ళను ఎత్తుకోని బండి పక్కన నిలబడి చూపించుకోనొస్తా. మళ్ళీ వచ్చి నిన్ను పంపిస్తా" అన్నాడు.

మళ్ళీ! ఆ మాట అమ్మాసికి కొత్తదా? తేరు నాడూ మళ్ళీ అన్నాడు, ఓడ నాడూ మళ్ళీ అన్నాడు. ఆ మళ్ళీ పద్నాలుగేళ్ళయినా రాలేదు.

"నా తల మీద ఒట్టేసినావు" అంది. కొంగు నోట్లో కుక్కుకుని రెండోమాటను ఆపేసుకుంది. వచ్చి ఉంటే ఆ సుండల్ బండి వాడు కూడా తలదించుకునేవాడు.

"ఇప్పుడేమైందనే! సామాన్లు ఎవురన్నా ఎత్తకపోతే?"

అప్పుడు, అంతటి సమయం చూసుకుని, అత్త నోరు తెరిచింది.

"ఒరే, నాకు ఒంటికి పోవాల."

అమ్మాసికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. మధ్యాహ్నం నుంచీ ప్రతి చెట్టు కిందా ఆగిన మనిషి! ఎదురుగా లాంతర్లు ఒకటొకటే ఆర్పేస్తున్నారు. ఇంకో అయిదు నిమిషాలు.

"ఇప్పుడామ్మా? కొంచేపు ఓర్చుకో" అన్నాడు ఏళుమలై.

"ఓర్చుకునేదానికి నాకేం ఇరవైయేండ్లా? అమ్మాసీ, లెయ్. పిల్లను సీతకియ్యి."

"మరి సామాన్లు?"

"నువ్వు కూచో. వాటికి కాళ్ళున్నాయా, పరిగెత్తేదానికి?"

అత్త మాటకు ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో ఎవరికీ లేదు. ఏళుమలై గొణుక్కుంటూ మూటల పక్కన కూలబడ్డాడు. అమ్మాసి ముసలామె చెయ్యి పట్టుకుని జనంలో పడింది.

ఎంత దూరమని! ఒకరి మోచెయ్యి, ఒకరి పిల్లవాడి కాలు, ఇంకొకరి తిట్టు. ఒక పాడు పడవ చాటు కనపడింది. అక్కడ వద్దంది అత్త. ఒక గోడ మూల కనపడింది. అక్కడ మనుషులున్నారంది. రోడ్డు దాకా వచ్చేశారు. అప్పుడు వీపు వెనకాల ధడేలుమంది. అమ్మాసి తిరగలేదు. ఎదురుగా వస్తున్న వందల ముఖాలు ఒక్కసారిగా పచ్చబడ్డాయి, నోళ్ళు తెరుచుకున్నాయి, వాళ్ళంతా ఆమె నెత్తిమీదుగా ఎటో చూస్తున్నారు. అంతే, కట్ట తెగింది.

"ఏం పాపం చేసుకున్నా అత్తా నేను? ఒక్క నాడు, ఒకే ఒక్క నాడు చూడాలనుకుంటి. ఆయన అబద్ధం చెప్పె. నువ్వు ఇట్లా చేస్తివి. మీ ఇంట్లో నా కండ్లు ఎందుకు, మూటలు చూసేదానికా? పో, ఎక్కడ పోతావో పో, నేనింక రాను!"

అత్తను అంత మాట ఆమె ఎప్పుడూ అనలేదు. ముసలామె రోడ్డు పక్క రాతిగట్టు మీదకు మోకాళ్ళు పట్టుకుని ఎక్కి, తీరిగ్గా కూర్చుని, పక్కన చేత్తో తట్టింది.

"ఒంటికీ లేదు, ఏమీ లేదు. కూచో ఈడ."

అమ్మాసి కూర్చోకుండా ఆమె ముఖంలోకే చూసింది.

"ఆడుంటే వాడు నిన్ను లెయ్యనిస్తాడా? వాండ్ల నాయనా అంతే. మళ్ళీ పంపిస్తా, మళ్ళీ పంపిస్తా అని నన్ను చెప్పుల కాడే ముసలిదాన్ని చేసె. ఇంటికొచ్చి కథలు చెప్పేవాడు. సచ్చేదాకా చెప్పె. ఆయన కథలు నాకు గుర్తుండాయి. నేను చూసిందంటూ ఒక్కటి లేదు. తిరుగు ఆ పక్కకి. నా మొగం ఏం చూస్తావు?"

అమ్మాసి తిరిగింది.

గట్టు ఎత్తుమీద ఉంది. మధ్యలో ఏ తలా అడ్డం లేదు. నల్లటి సముద్రం మీద నల్లటి ఆకాశం, దాంట్లోకి సన్నటి నిప్పుగీత ఒకటి ఎగబాకి, ఆగి, ఇంక ఆరిపోయిందనుకున్నప్పుడు విచ్చుకుంది. పచ్చగా. ఆ పచ్చదనం కిందికి జారుతూ జారుతూ ఎర్రబడింది. తర్వాత తెల్లవి మూడు ఒకేసారి. ఇసుకలో వెదురుచట్రాలకు నిప్పందుకుంటే, ఏళుమలై స్టేజీ అన్న చోట, ఒక నెమలి తోక విప్పుకుని నిలబడింది. ఆ తోక కొసలనుంచి నిప్పురవ్వలు రాలుతుంటే అమ్మాసి తనకు తెలియకుండానే "అబ్బ! అబ్బ!" అంది. అత్త "ఓయమ్మో, దీని సోకు!" అని అరిచింది, చిన్నపిల్లలాగా. ఇద్దరి చేతులూ ఒకదాన్నొకటి ఎప్పుడు పట్టుకున్నాయో ఇద్దరికీ తెలియదు.

కోపం మాత్రం పోలేదు. ఇంత బాగుంటుందా, ఇదంతా ఇన్నాళ్ళూ నాకు దక్కకుండా పోయిందా అని ఇంకా ఎక్కువైంది. ఏడుస్తూనే చూసింది. ఒక్కటి కూడా వదలకుండా చూసింది.

వాళ్ళు తిరిగొచ్చేసరికి ఏళుమలై నిప్పులు కక్కుతున్నాడు. ఒడిలో చంటిది గుక్కపట్టి ఏడుస్తోంది. కృష్ణన్ బండి చక్రమెక్కి కిందపడి మోకాలు చెక్కుకున్నాడు. సీత చెప్పుల్లో ఒకటి జనం కాళ్ళల్లో ఎటో పోయింది.

"ఇంతసేపా? ఈ మూటలు పెట్టుకోని మనిషి ఏం చూసేది? తల ఎత్తేలోపల ఒకడు కూజా మీద కాలేసె!" అని అరిచాడు.

"అవునయ్యా, కష్టమే" అంది అమ్మాసి, పిల్లను అందుకుంటూ.

ఇనుపవంతెన మీద జనంతో పాటు మెల్లగా నడుస్తుండగా అతని కోపం చల్లారింది. చల్లారగానే పాత అలవాటు పైకొచ్చింది. భార్య మీద జాలి కూడా కలిగింది పాపం.

"నీకు దక్కలేదు, ఏం చేస్తాము. విను, నేను చెప్తా. ముందు ఒకటి లేచింది చూడు, ఎర్రగా, హార్బరు క్రేను అంత ఎత్తు! అది పగిలి పచ్చగా అయింది. తర్వాత తెల్లవి ఏడు ఒకేసారి. ఆ తర్వాత ఆ చట్రం మీద ఏనుగు..."

అమ్మాసి పిల్లను ఈ చంకనుంచి ఆ చంకకు మార్చుకుంది.

"ముందు పచ్చది. తర్వాతే ఎర్రగా అయింది. తెల్లవి మూడు, ఏడు కాదు. అది ఏనుగు కాదు, నెమలి."

ఏళుమలై నడవడం ఆపేశాడు. వెనకవాళ్ళు తగిలి తిట్టి పోయారు.

"నీకెట్లా తెలుసు?"

"చూసినా" అంది అమ్మాసి.