ముప్పై పళ్ల లోపు

ఎడమ కన్ను. కుడి చెవిలో ముప్పావు వంతు. నాలుగు వేళ్ల ముక్క తప్ప తోక మొత్తం. వెనక కుడి కాలు, మోకాలి కింద నుంచి. పై పెదవి ఎడమ పక్కన ఒక అంగుళం మేర. అందుకే అది ఎప్పుడూ ఎవరినో చూసి నవ్వుతున్నట్టు ఉంటుంది. వీపు మీద అరచేయంత చోట వెంట్రుకలు. పళ్లు, నలభై రెండింటిలో ముప్పై ఒకటి.

ఆ కుక్క పోగొట్టుకున్నవి ఇవి. ఒక ఆదివారం ఉదయం గుణదలలో ఓ స్కూలు మైదానంలో, షామియానా కింద బల్ల వేసుకుని కూర్చుని, ఒక్కొక్కటే కాగితం మీద రాశాను. మిగిలిన పళ్లు పదకొండు. ఆ పదకొండు దగ్గర నేను చేసిన పని గురించే ఇదంతా.

నా చదువు పదో తరగతితో ఆగిపోయింది. ఉయ్యూరులో చెరకు బండ్లు తూచే కాటా దగ్గర బరువులు రాసే పనికి కుదిరాను. లెక్కలు అక్కడే, చేత్తో రాస్తూ, నోటితో కూడుతూ నేర్చుకున్నాను. నేను కూడితే రెండోసారి చూసుకోనక్కర్లేదని పేరొచ్చాక, పామర్రు చుట్టుపక్కల ఎద్దులు బండ లాగే పోటీలకు పిలవడం మొదలుపెట్టారు. ఇచ్చిన టైములో ఏ జత బండను ఎన్ని అడుగుల ఎన్ని అంగుళాలు లాగిందో కొలిచి రాయాలి. ఒకసారి ఓ పెద్దమనిషి మొహం చూసి నాలుగు అంగుళాలు కలిపాను. కర్రలు లేచాయి. నా ఎడమ మోచేయి ఈ రోజుకీ పూర్తిగా చాపలేను. అప్పటి నుంచి రాసిన అంకె దిద్దలేదు, అతికించిన రూలు మార్చలేదు. ఇరవై ఏళ్లు అలాగే గడిచాయి. అందులో నాకు కొంచెం గర్వం కూడా ఉండేది.

కుక్కల పోటీకి నన్ను పిలిచింది మా వీధి చివర ఇంట్లో ఉండే అమ్మాయి. దెబ్బ తగిలిన వీధి కుక్కలకు కట్లు కట్టించి, టీకాలు వేయించి, పెంచుకునేవాళ్లను వెతికే బృందంలో తిరుగుతుంటుంది.

"అంకుల్, ఒక పోటీ పెడుతున్నాం. అందమైన కుక్కలకి కాదు. రోడ్డు మీద దెబ్బలు తిని బతికినవి, చూడ్డానికి తేడాగా ఉన్నవి ఉంటాయి చూడండి, వాటికి. వాటిని తెచ్చుకుని పెంచుకుంటున్నవాళ్లకి. మార్కులు మీరు కూడాలి."

"కుక్కలకి మార్కులేంటమ్మా?"

"ఎద్దులకి వేయట్లేదా?"

"ఎద్దులకి మార్కులుండవు. అడుగులూ అంగుళాలూ."

"సరే, కూడిక అయితే ఒకటేగా! వస్తున్నారు మీరు, అంతే."

తర్వాత అసలు భయం చెప్పింది. కుక్కపిల్లలు కూడా వస్తాయి. అవి ముద్దుగా ఉంటాయి, చూసేవాళ్లు కరిగిపోతారు, మార్కులన్నీ వాటికే పోతాయి. "పెద్దవాటిని ఎవరూ చూడరు అంకుల్. అన్యాయం అయిపోతుంది."

"విభాగాలు పెడదాం," అన్నాను. "పళ్లు చూసి."

ఎద్దులకు మేం చేసేది అదే. రెండు పళ్లవి ఒక విభాగం, నాలుగు పళ్లవి ఒకటి, ఆరు పళ్లవి ఒకటి. పళ్లు తక్కువైతే వయసు తక్కువ. యజమాని ఎన్ని కబుర్లు చెప్పినా నోరు తెరిస్తే నిజం తెలిసిపోతుంది. పశువుల డాక్టరు గారికి ఫోన్ చేసి కుక్కల సంగతి కనుక్కున్నాను. పిల్లకు పాలపళ్లు ఇరవై ఎనిమిది, ఎదిగిన దానికి నలభై రెండు అన్నారు. నేను ముప్పై దగ్గర గీత గీశాను. 'ముప్పై పళ్ల లోపు జూనియర్లు, ముప్పై ఆపైన సీనియర్లు' అని అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి, పొద్దున్నే షామియానా గుంజకు అతికించాను. పళ్లు రాలేదాకా ఏ ఎద్దునూ పందెంలో ఉంచరు. అందుకే రాలిన పళ్ల సంగతి నా బుర్రకు తట్టలేదు.

పద్ధెనిమిది కుక్కల పేర్లు రాసుకోవడం అయ్యాక ఆవిడ వచ్చింది. మా వీధుల్లో బుట్ట నెత్తిన పెట్టుకుని చేపలమ్మే మనిషి. బందరు వైపు నుంచి వచ్చి గుణదల కొండవాలులో ఒక గదిలో ఒంటరిగా ఉంటుంది. పాత చీర చింపి పేనిన తాడుతో కుక్కను నడిపించుకొచ్చింది.

"పేరు?"

"నాదా, దీనిదా?"

"కుక్కది."

"పేరేం లేదండీ. 'ఏమే' అంటే వచ్చిద్ది."

ఎలా దొరికిందని అడిగాను. మూడేళ్ల కింద కాలువ గట్టు రోడ్డు మీద లారీ తొక్కేసి పోయిందట. ఖాళీ అయిన చేపల బుట్టలో దాన్ని పడుకోబెట్టి, నెత్తిన పెట్టుకుని పశువుల ఆస్పత్రి దాకా నడిచిందట. "దారంతా జనం ఏం చేపమ్మా, ఏం చేపమ్మా అని అడుగుతానే ఉన్నారండీ," అని నవ్వింది. వెంటనే బల్ల మీదకు వంగి గొంతు తగ్గించింది.

"గెలవాలండీ బాబుగారూ. గెలవకపోతే బుధవారానికి దీన్ని పంపించెయ్యాలి."

ఇంటి ఓనరు మనవరాలు కుక్క మొహం చూసి జడుసుకుందట. బుధవారం లోపల కుక్కయినా పోవాలి, నువ్వయినా పోవాలి అన్నాడట. ఈ పోటీ సంగతి చెబితే పగలబడి నవ్వాడట. 'ఆ మొహానికి కప్పిచ్చేవాడు ఎవడున్నాడే? తెచ్చి చూపించు. నా గుమ్మంలోనే పడుకోబెట్టుకో. నోరెత్తితే ఒట్టు' అన్నాడట.

"వీధిలో అందరి ముందరా అన్నాడండీ. ఇంక వెనక్కి తీసుకోలేడు."

"వేరే గది చూసుకోవచ్చు కదమ్మా?"

"చేపల బుట్ట లోపల పెట్టుకోనిచ్చే గది ఇంకోటి చూపించండి, ఇవాళే మారతా."

కుక్క నోరు ఆవిడే తెరిచింది. లెక్కపెట్టాను. మళ్లీ లెక్కపెట్టాను. పదకొండు. జూనియర్ అని రాశాను.

పక్కన నిలబడ్డ అమ్మాయి కాగితం చూసింది. "అంకుల్! ఇది ముసలిది."

"పన్నెండేళ్లన్నారండీ డాక్టరు గారు," అంది ఆవిడ. "చిన్నపిల్లల్లో రాశారేంటండీ?"

నాకు అప్పుడే తెలిసింది. ఇది చాలాసార్లు ఆలోచించుకున్నాను, కాబట్టి దాచను: కలం కాగితం మీద ఉండగానే తెలిసింది, నా రూలు తప్పని. కొట్టేసి సీనియర్ అని రాస్తే అయిపోయేది. కానీ బల్ల చుట్టూ పద్ధెనిమిది మంది కుక్కలతో నిలబడి చూస్తున్నారు. మోచేయి సలిపింది.

"రూలు అతికించాక మార్చకూడదమ్మా," అన్నాను. "ఒకళ్లకి మారిస్తే అందరూ లేస్తారు."

"ఎవరు లేస్తారు అంకుల్? వీళ్లా?"

నిజమే. ఆ మైదానంలో కర్ర పట్టుకున్నవాళ్లెవరూ లేరు. ఒకాయన ఒళ్లో రెండు ముందుకాళ్లూ లేని కుక్క నిద్రపోతోంది. ఒకావిడ తన కుక్క వంకర దవడ నుంచి కారుతున్న చొంగను పమిట చెంగుతో తుడుస్తోంది. అయినా నేను మార్చలేదు.

జూనియర్లలో ఆరు కుక్కపిల్లలు, ఏడోది ఈ ముసలిది. సీనియర్లు పన్నెండు. కప్పు విభాగానికొకటే, మొదటిదానికి. జడ్జీలు ముగ్గురు. చూడ్డానికి ఎంత తేడాగా ఉందో దానికి పది మార్కులు, బతికి బయటపడిన కథకు పది, మనిషికీ కుక్కకీ ఉన్న మాలిమికి పది. ఒక్కో జడ్జి దగ్గర ముప్పై, మొత్తం తొంభై.

ఆవిడ తాడు వదిలేసి మైదానం ఆ చివరికి వెళ్లి "ఏమే" అంది, పెద్దగా కూడా కాదు. కుక్క మూడు కాళ్ల మీద ఎగురుకుంటూ, ఉన్న ఒక్క కన్నుతో సూటిగా చూస్తూ పోయి ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించింది. జనం చప్పట్లు కొట్టారు. ఒక జడ్జి కళ్లజోడు తీసి తుడుచుకోవడం నేను చూశాను. దాని వెనకే పెదవి చీలి పుట్టిన కుక్కపిల్లను ఓ జంట ఎత్తుకొచ్చింది. అది ఆవులించింది. అంతే, జనం మళ్లీ చప్పట్లు కొట్టారు.

కాగితాలు నా బల్ల మీదకు వచ్చాయి. చేపలావిడ కుక్కకు డెబ్బై ఎనిమిదిన్నర. చీలిన పెదవి పిల్లకు డెబ్బై తొమ్మిది. సీనియర్లలో మొదటిదానికి డెబ్బై మూడు.

కింద నుంచి పైకి కూడాను. పై నుంచి కిందికి కూడాను. లేచి మంచినీళ్లు తాగి వచ్చాను. ఒక్కో జడ్జిదీ విడిగా కూడి తర్వాత కలిపాను. మూడుసార్లూ అంతే వచ్చింది. జూనియర్లలో అర మార్కుతో రెండోది. దాని అసలు చోట ఉండి ఉంటే అయిదున్నర మార్కుల తేడాతో మొదటిది. మైకు నాకు నాలుగు అడుగుల దూరంలో ఉంది. ఇంకా ఎవరి పేరూ చదవలేదు. 'రూలులో పొరపాటు నాది' అని ఒక్క వాక్యం చెప్పాలి. మళ్లీ లేచి మళ్లీ నీళ్లు తాగాను. ఈలోగా అమ్మాయి చేయి చాపింది. కాగితం ఇచ్చేశాను.

రెండో బహుమతి కింద ఆవిడకు ఒక తువ్వాలు, బిస్కెట్ ప్యాకెట్లు ఇచ్చారు. కప్పు లేదు. తువ్వాలు కుక్క వీపు మీద కప్పి నడిచి వెళ్లిపోయింది.

సోమవారం పొద్దున్నే ఆ కాగితాలు తీసుకుని ఇంటి ఓనరు దగ్గరకు వెళ్లాను. అరుగు మీద పేపరు చదువుకుంటున్నాడు. మర్యాదగా కుర్చీ వేయించాడు. విభాగాలు, పళ్లు, అయిదున్నర మార్కులు అన్నీ వివరించాను. శ్రద్ధగానే విన్నాడు.

"అంటే ఫస్టు వచ్చినట్టేనంటారు."

"వచ్చినట్టేనండీ."

"మరి కప్పేదండీ?"

"కప్పు వేరేవాళ్లకి ఇచ్చేశాం."

"అయ్యా, మీరు లెక్కల మనిషి. రాకపోయినా వచ్చినట్టే అని ఎక్కడన్నా రాస్తారా?"

లేచాను. గుమ్మం దాటాక మళ్లీ వెనక్కి వెళ్లాను, ఏం చెప్పాలో తెలియక మళ్లీ వచ్చేశాను. మంగళవారం వన్‌టౌన్‌లో కప్పులమ్మే కొట్టు ముందు నిలబడ్డాను. అక్కడి నుంచే ఆవిడను వెతుక్కుంటూ వెళ్లి, నేనే ఒక కప్పు కొనిస్తాను, అది చూపించమన్నాను.

ఆవిడ చేప పొలుసు గీకడం ఆపింది. "కొన్న కప్పు చూపించి గెలిచానని చెప్పమంటారా? తూకంలో కూడా నేనట్టా చెయ్యనండీ."

బుధవారం సాయంత్రం మా గేటు చప్పుడైంది. ఆవిడ, పక్కన కుక్క. తాడు నా చేతిలో పెట్టింది.

"చిన్నపిల్లల్లో రాశారుగా. ఇంక మీరే పెంచండి."

ఎగతాళే. కళ్లు మాత్రం నవ్వలేదు. మా ఆవిడ గుమ్మంలోకి వచ్చి కుక్కను చూసి, "అమ్మో, ఇదేం మొహమండీ!" అంది. చేపలావిడ వెళ్తుంటే కుక్క తాడు లాగింది. వెనక కాలి మొండి నేలకు తన్నిపెట్టి మరీ లాగింది. వీధి మలుపు తిరిగేదాకా ఆవిడ వెనక్కి చూడలేదు.

అది మా ఇంట్లో కుదురుగా కూర్చోదు. అన్నం తింటుంది, మా ఆవిడ పక్కన పడుకుంటుంది, అంతలో లేస్తుంది. గేటు నుంచి వంటింటి దాకా, వంటింటి నుంచి గేటు దాకా తిరుగుతుంది. ఒక సాయంత్రం లెక్కపెట్టాను, నలభై ఆరు సార్లు తిరిగింది. లెక్కపెడుతూ నేనూ దాని వెనకే తిరుగుతున్నానని మా ఆవిడ అంటే గాని గమనించలేదు. "మీరన్నా కూర్చోండి," అంది.

కూర్చోలేకపోతున్నాను. చేపలావిడకు, కుక్కతో సహా ఉండనిచ్చే గది వెతుకుతున్నాను. ఇప్పటికి ఇరవై మూడు ఇళ్లు అడిగాను. తొమ్మిది చోట్ల చేపల బుట్ట అనగానే తలుపు వేశారు. ఆరు చోట్ల బుట్టకు సరే అన్నారు గాని కుక్కను చూసి వద్దన్నారు. ఆరు చోట్ల రెండూ వద్దన్నారు. రెండు చోట్ల ఆలోచించి చెబుతామన్నారు. చెప్పలేదు.

ఆదివారం మధ్యాహ్నం బుట్ట ఖాళీ అయ్యాక ఆవిడ మా ఇంటికి వస్తుంది. ఆవిడ వీధి మలుపులో ఉండగానే కుక్కకు వాసన తెలుస్తుంది, గేటు గీరడం మొదలుపెడుతుంది. ఆవిడ దాచి తెచ్చిన చేప తలకాయలు ఉడికించి ముళ్లు తీసి పెడుతుంది. ఉన్న పళ్లు చాలవు కాబట్టి వేళ్లతో మెత్తగా నలుపుతుంది. ఆ పని మాకు ఎవరికీ చేతకాదు. ఆ కాసేపూ అది తిరగదు, ఆవిడ పాదాల మీద గడ్డం ఆనించి పడుకుంటుంది. పొద్దు వాలేసరికి ఆవిడ లేస్తుంది. గది సంగతి అడగదు. నేనే చెబుతాను, ఈ వారం ఎక్కడెక్కడ అడిగానో. "చూద్దాంలెండి అన్నయ్యగారూ," అంటుంది.

ఈ శుక్రవారానికి కుక్క మా ఇంటికి వచ్చి నాలుగు వందల ముప్పై ఏడు రోజులు. ఈ మధ్యలో ఆదివారాలు అరవై రెండు. జ్వరాల వల్ల, వానల వల్ల ఆవిడ రానివి ఎనిమిది. వచ్చినవి యాభై నాలుగు. ఆ యాభై నాలుగూ తీసేసి, నేను ఆవిడకు బాకీ ఉన్న రోజులు మూడు వందల ఎనభై మూడు అని మొన్నటి దాకా అనుకుంటూ వచ్చాను. అది నాకు అనుకూలంగా వేసుకున్న లెక్క. పూట మాత్రమే ఉండి వెళ్లిన మనిషికి రోజంతా ఇచ్చినట్టు ఎలా రాస్తాను? పూటను పూటగానే రాస్తే యాభై నాలుగు పూటలు ఇరవై ఏడు రోజులు.

నాలుగు వందల పది.