దేవవ్వ డ్రిల్లు పీరియడ్

దేవవ్వకు అరవై మూడేళ్లు. బోధన్‌లో మా గల్లీలోనే ఉంటుంది, నలభై ఏళ్లుగా బీడీలు చుడుతోంది. నిరుడు ఆమె ఆరో తరగతి పిల్లల వరుసలో నిలబడి డ్రిల్లు చేసింది. కొంగు నడుముకు చుట్టి, చేతులు పైకి, పక్కకు, కిందికి. నవ్వనివాడు లేడు. డిగ్రీ మధ్యలో మానేసినవాడికి పగలు పనేముంటుంది, బడి గోడ మీద కూర్చుని నేనూ నవ్వాను.

మనవడు నితీష్ కోసం చేసింది. వాడికి ఆటిజం అని నిజామాబాద్ డాక్టరు కాగితం మీద రాసిచ్చాడు. గల్లీలో మాత్రం పిస్సోడు అంటారు, వాడి ముందరే. తండ్రి మస్కట్‌లో, తల్లి సుకన్య నిజామాబాద్‌లో ఒక బట్టల దుకాణంలో. ఆదివారం వచ్చి పోతుంది. మిగతా ఆరు రోజులు వాడు దేవవ్వ బీడీల చాట పక్కనే.

బడిలో పీటీ పీరియడ్ వస్తే వాడిని క్లాసులో ఉంచి బయట గొళ్లెం పెట్టేవారు. బ్యాగులకు కాపలా అని దానికొక పేరు. వాడు తలుపుకేసి తల కొట్టుకునేవాడు. నుదురు బొప్పి కట్టి మూడోసారి ఇంటికొచ్చిన రోజు, దేవవ్వ చుట్టే బీడీ వదిలేసి బడికి పోయింది.

"నీ మనుమడు వద్దని నేనంటలేనవ్వా" అన్నాడు పీటీ సారు మహేందర్. "ఉర్కుతడు. ఎవ్వలన్న ముట్టుకుంటె ఒర్రుతడు. నలభై మందికి నేనొక్కన్నే. నువ్వొచ్చి పక్కపొంటి నిలవడు, ఆడిపిస్త."

ఎగతాళికి అన్నాడు. ఆమె తెల్లారి వచ్చి నిలబడింది.

"అవ్వా, రేపటి సంది నిక్కరేస్కరా!" అని అరిచాడు వరుసలో ఒకడు.

"ఏస్కస్త గనీ, ముందుగాల నీ ముడ్డి మీది చిరుగు కుట్టిచ్చుకో" అంది దేవవ్వ, చేతులు దించకుండానే.

విచిత్రం, నితీష్ కుదురుకున్నాడు. ఈల పడగానే చేతులెత్తాడు. గట్టిగా లెక్క కూడా పెట్టాడు. చిక్కొచ్చింది అక్కడే. డ్రిల్లు ఎనిమిదికి ఆగుతుంది. నితీష్ ఇరవై ఐదుకు గానీ ఆగడు. బీడీల కట్టకు ఇరవై ఐదు. మాటలు సరిగా రాకముందే అవ్వ పక్కన కూర్చుని నేర్చుకున్న లెక్క అది. వాడికి ఎనిమిది దగ్గర ఏదీ పూర్తి కాదు.

అందరూ చేతులు దించి నిలబడితే వీడొక్కడు "తొమ్మిది, పది" అంటూ సాగేవాడు. పిల్లలు వాడి గొంతుతోనే "పదిహేడూ! పద్దెనిమిదీ!" అని అందుకునేవారు. వాడికది ఆటే, నవ్వేవాడు. దేవవ్వ నవ్వేది కాదు.

జనవరి మొదట్లో సారు తేల్చేశాడు. "ఛబ్బీస్ జనవరికి పెద్దసార్లొస్తరు. ఎనిమిదికి ఆగితెనే లైన్ల ఉంటడు. లేకుంటె మల్ల బ్యాగుల కాడికే."

"మల్ల గొళ్లెమేనా సారూ?"

"మరి ఏం జెయ్యమంటవ్?"

"గా లెక్క నేర్పింది నేనే. నేనే మరిపిస్త" అంది దేవవ్వ.

బీడీ ఆకులు కోసే కత్తెరను తిరగేసి పట్టుకుంది. తొమ్మిది అంటే పిక్క మీద ఒక్కటి. వాళ్లింటి గోడ ఇవతల మాకు అన్నీ వినిపించేవి. లెక్క, దెబ్బ, అరుపు, మళ్లీ "ఒకటి". "ఆగు కొడుకా, ఎనిమిది కాడ ఆగు, నీ కాల్మొక్త" అని ఏడుస్తూనే కొట్టేది. నేను లేస్తే మా అమ్మ కసిరింది. "సాదుకున్నామె, కొట్టుకుంటది. నీకెందుకుర?" నేను కూర్చున్నాను.

వారం తిరిగేసరికి ఎనిమిది దగ్గర ఆగాడు. దేవవ్వ గల్లీలో అందరికీ చెప్పుకుంది. రెండు రోజులకు ఏడు దగ్గరే ఆగాడు. తర్వాత ఐదు. ఇరవయ్యో తారీఖుకల్లా ఒకటి అనడం కూడా మానేశాడు. ఈల వినబడితే కళ్లు మూసుకుని కర్రలా బిగుసుకుపోయేవాడు.

సారుకు అది నచ్చింది. "గిప్పుడు సక్కగైండు. మస్తు డిసిప్లిన్. ఇగ నువ్వు రావుడు అక్కెర లేదవ్వా."

ఛబ్బీస్ జనవరి నాడు జెండా ఎగరేశాక వరుసలో అందరి చేతులూ లేచాయి, వాడివి లేవలేదు. వచ్చిన పెద్దసారు వాడి భుజం మీద చెయ్యేసి ఫోటో దిగాడు. ముట్టుకున్నా వాడు అరవలేదు. 'అందరితో సమానంగా' అని రాసి ఆ ఫోటో బడి గ్రూపులో పెట్టారు.

ఇప్పుడు పీటీ పీరియడ్ ఎప్పుడున్నా వాడు ఎండలోనే ఉంటాడు. పిల్లలు క్రికెట్ ఆడుతూ వాడిని స్టంపుల బదులు నిలబెడతారు. బంతి తగిలితే అవుటు. వాడు కదలడు. సారు వేపచెట్టు కింద ఫోన్ చూసుకుంటాడు.

మొన్న దేవవ్వ బీడీలు అప్పగించి వస్తూ గోడ దగ్గర ఆగింది. బంతి వాడి మోకాలికి తగిలింది. పిల్లలు కేకలేశారు.

"అవ్వా, వాన్ని స్టంపు లెక్క నిలవెట్టిండ్రు, సూడు" అన్నాను.

ఆమె సంచీ గోడ మీద పెట్టి చూసింది.

"నిలవెట్టనీ. గొళ్లెమైతె వెడ్తలేరు గద" అని సంచీ భుజాన వేసుకుని పోయింది.