మెర్సీ అడిగిందని రాసిన ఉత్తరాలు

టీచరుగా రిటైరైన కాంతమ్మ ఉప్పలగుప్తం దగ్గర పల్లెలో ఒక్కతే ఉంటోంది. నెలకు రెండుసార్లు మోకాళ్ళ నొప్పులతోనే పోస్టాఫీసు దాకా నడిచి, సెంట్రల్ జైల్లో ఉన్న తమ్ముడు సాలమోనుకి ఉత్తరం వేసి వస్తుంది. తొమ్మిదేళ్ళుగా ఇదే పని.

తొమ్మిదేళ్ళ క్రితం రొయ్యల చెరువు గట్టు మీద గొడవైంది. తాగి ఉన్న సాలమోను సొంత బావమరిదిని పలుగుతో కొట్టాడు. ఆసుపత్రికి తీసుకెళ్ళేలోపే అతను పోయాడు. సాలమోనుకి యావజ్జీవం పడింది. భార్య పన్నెండేళ్ళ కూతురు మెర్సీని తీసుకుని పుట్టింటికి వెళ్ళిపోయింది. పోయినవాడు ఆ పిల్లని భుజాల మీద ఎక్కించుకుని తిప్పిన మేనమామ. ఆ రోజు నుంచీ మెర్సీ తండ్రి పేరెత్తలేదు.

జైలు నుంచి సాలమోను రాసే ప్రతి ఉత్తరంలోనూ ఒకటే ప్రశ్న. "మెర్సీ నా గురించి ఏమైనా అడిగిందా?"

మొదటిసారి ఆ మాట చదివి కాంతమ్మ చాలాసేపు పెన్ను పట్టుకుని కూర్చుంది. చివరికి, "అడిగింది. నాన్న వేళకి అన్నం తింటున్నాడా అంది" అని రాసింది. ఈ ఒక్కసారికే అనుకుంది. ఆ తర్వాత ప్రతి ఉత్తరానికీ ఏదో ఒకటి కల్పించక తప్పలేదు.

మెర్సీ కాకినాడలో నర్సింగ్‌లో చేరాక, కాంతమ్మ తమ్ముడి ఉత్తరాలు ఫోటో తీసి ఆ పిల్లకి వాట్సాప్‌లో పంపడం మొదలుపెట్టింది. నీలం టిక్కులు పడేవి. జవాబు వచ్చేది కాదు. పంపొద్దని కూడా ఆ పిల్ల అనలేదు.

మొన్నటి వానాకాలంలో సాలమోను కొత్త కోరిక రాశాడు. "అమ్మాయి చేతిరాత చూడాలనుంది అక్కా. రెండు లైన్లు రాయించి పంపు."

కాంతమ్మ ముప్పై ఏళ్ళకు పైగా పిల్లల చేతిరాతలు దిద్దిన మనిషి. కావాలంటే రాయగలదు. అక్షరాలు కాస్త వాల్చి "నాన్నా" అని రాసింది కూడా. అక్కడ చెయ్యి ఆగిపోయింది. ఆ కాగితం చింపేసి, ఇంకోదాని మీద నిజం రాసింది. "మెర్సీ ఎప్పుడూ ఏమీ అడగలేదురా. అన్నీ నేనే రాశాను. ఇంక నాకు ఓపిక లేదు. క్షమించు."

వారం వారం జైలు నుంచి వచ్చే ఫోను ఆ వారం రాలేదు. పై వారం వచ్చింది.

"ఉత్తరం అందిందక్కా."

"కోపం వచ్చిందా?"

"లేదు. నాకు ముందునుంచీ అనుమానమే. అన్నం తిన్నావా, దుప్పటి ఉందా అని అడిగేది నువ్వు. మెర్సీ కాదు."

"తెలిసి తెలిసీ ప్రతిసారీ ఎందుకు అడిగేవురా?"

"చదువుకోడానికి బాగుండేదక్కా." వెనక ఎవరో టైమైందని అరుస్తున్నారు. "ఇంక కల్పించి రాయకు. పరీక్ష పాసైందో లేదో రాయి, చాలు."

ఫోను కట్టయింది.

ఆ సాయంత్రం కాంతమ్మ మెర్సీకి వాయిస్ మెసేజ్ పెట్టి, తను చేసిందంతా చెప్పుకుంది. తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఆ పిల్లే ఫోన్ చేసింది.

"నా పేరు పెట్టి అలా రాయకండి అత్తయ్యా."

"రాయనమ్మా. తప్పయిపోయింది."

"నేను ఆయనతో మాట్లాడలేను. ఆ పేరు వింటేనే మావయ్య గుర్తొస్తాడు."

"మాట్లాడమని నేను అడగను. పంపిన ఉత్తరాలు చదువుతున్నావా, తెరిచి తీసేస్తున్నావా?"

"ఆయ్, చదువుతున్నానండి. పంపడం మానకండి."

"రెండో సంవత్సరం పాసైనట్టు నీ స్టేటస్‌లో చూశాను. అదీ, ఈ మాటా నాన్నకి రాయనా?"

"మీ ఇష్టమండి."

మర్నాడు కాంతమ్మ ఉత్తరం రాసింది. మెర్సీ రెండో సంవత్సరం పాసైందని, అతని ఉత్తరాలు చదువుతోందని, మాట్లాడలేనందని. ఉన్నది ఉన్నట్టు రాసేసరికి సగం పేజీకే అయిపోయింది. మిగతా సగం నింపే ఓపిక లేదు. కవరు అతికించి, పోస్టు రేపు వెయ్యొచ్చులే అనుకుని మంచం మీద వాలింది.