సిస్టరమ్మ అడిగిన తెలుగు

చిన్నప్పటి నుంచీ నాకు ముక్కు మీదే కోపం. తెలుగు టీచరునయ్యాక దానికి ఎర్ర సిరా తోడైంది. ఆళ్ళగడ్డ బడిలో పిల్లలు ‘దుడ్లు’ అని రాస్తే కొట్టేసి ‘డబ్బు’ అని రాసేదాన్ని. ‘బేగా’ అని రాస్తే ‘త్వరగా’ అని దిద్ది పదిసార్లు రాయించేదాన్ని. నంద్యాలలో ట్రైనింగు చేసేటప్పుడు కోస్తా నుంచి వచ్చిన అమ్మాయిలు నా మాట విని రెండేళ్ళు నవ్వారు. ఆ నవ్వు ఎంత గుచ్చుకుందంటే, తిరిగొచ్చాక ఇంట్లో కూడా పాఠం చెప్పినట్టే మాట్లాడటం అలవాటు చేసుకున్నాను. మా అమ్మతో కూడా.

డెబ్బైల చివరలో, శిరివెళ్ల దగ్గరి ఒక పల్లెలో చిన్న ఆసుపత్రి నడపడానికి విదేశం నుంచి ఒక నర్సు సిస్టరమ్మ వచ్చింది. ఆమె క్యాథలిక్, మేము ప్రొటెస్టెంట్లం. అయినా తెలుగు నేర్పమని నా దగ్గరికే వచ్చింది. సోమవారం, గురువారం బడి వదిలాక మా వసారాలో పాఠం. అమ్మ వక్కాకు నములుతూ గోడ వారన కూర్చుని వినేది. అప్పటికే అమ్మ ఎడమ రొమ్ములో గడ్డ ఉంది. ఆ సంగతి అమ్మకు తప్ప ఎవరికీ తెలియదు. నేనిదంతా రాస్తున్నది ఆ గడ్డ గురించే.

మొదటి రోజే నేను సిస్టరమ్మను స్పానిష్ ఆమె అన్నాను. ఆమెకు చుర్రుమంది. తనది స్పెయిన్‌లోనే ఒక మూలనున్న కాటలోనియా అనీ, తన భాష కాటలాన్ అనీ, అది స్పానిష్‌కు బిడ్డ కాదు, చెల్లెలనీ చెప్పింది. ఇద్దరికీ తల్లి లాటిన్. తెలుగు పాఠం అయ్యాక అర్ధగంట తన ఊరి కథ చెప్పేది. చాలా కాలం కింద గ్రీకులు పడవల మీద వచ్చి వాళ్ళ సముద్రపు ఒడ్డున అంగళ్ళు పెట్టారట. వాళ్ళకంటే ముందు నుంచీ ఉన్న జనానికి సొంత లిపి ఉండేది. ఆ రాళ్ళ మీది అక్షరాలు ఇప్పుడు చదవగలరు గానీ అర్థం చెప్పేవాళ్ళు లేరట. తర్వాత రోమన్ల సైన్యం దిగింది. రెండు వేల ఏళ్ళు దాటిందట. సిపాయిలు, బేరగాళ్ళు, కంచరగాడిదలు తోలేవాళ్ళు మాట్లాడిన లాటిన్ ఆ నేలలో పాతుకుంది.

అది పండితుల లాటిన్ కాదని ఆమె వేలు ఆడించి మరీ చెప్పేది. పుస్తకాల్లో గుర్రాన్ని ‘ఎక్వుస్’ అన్నారు. బరువులు లాగే ముసలి గుర్రాన్ని, మన నంద్యాల స్టేషను దగ్గరి జట్కా గుర్రం లాంటి దాన్ని, జనం ‘కబల్లుస్’ అన్నారు. కాటలాన్‌లో బతికింది ఆ జట్కా గుర్రమే. పండితుల ఇల్లు ‘దోముస్’, పేదవాళ్ళ కొట్టం ‘కాసా’. ఇప్పుడు వాళ్ళ దేశంలో మేడనైనా కాసా అనే అంటారు. నేను నవ్వి, మా దగ్గర అట్లాంటివి ఎర్ర సిరాతో కొట్టేస్తామన్నాను. ఆమె నవ్వలేదు.

ఆమెకు నేను నేర్పింది మాత్రం మడి కట్టుకున్న తెలుగు. ఒక గురువారం అమ్మ వైపు తిరిగి ఆమె, “మీకు ఏదైనా అనారోగ్యము కలదా?” అని అడిగింది. ఒక్క తప్పు లేదు. నేను పొంగిపోయాను. అమ్మ తహసీల్దారు పలకరించినట్టు లేచి నిలబడి, కొంగు సర్దుకుని, ఏమీ లేదని చెప్పింది.

నాలుగు నెలలు గడిచాక సిస్టరమ్మ దిగాలుగా వచ్చింది. ఏమడిగినా రోగులు తలూపుతున్నారు, మాత్రలు మింగకుండానే మింగామంటున్నారు, నొప్పి ఎక్కడో చెప్పడం లేదు. ఆసుపత్రిలో ఊడ్చే ఆయమ్మ అడిగితే మాత్రం అన్నీ చెబుతున్నారు. “టీచరమ్మా, మీరు నాకు నేర్పింది లాటిన్. నాకు కాటలాన్ కావాలి,” అంది.

నాకు తిక్క రేగింది. ఇక్కడి జనం మాట్లాడేది చదువులేని మాట, సగం కన్నడం, సగం ఉర్దూ, నేను నేర్పనని తెగేసి చెప్పాను. ఆమె చెప్పుకొచ్చింది: తన భాషలోనూ రోమన్ల తర్వాత వచ్చి ఏలిన గోత్ అనే జాతి మాటలున్నాయి, అరబ్బుల మాటలున్నాయి. తమ దేశాన్ని ఒక సైన్యాధిపతి ఏలిన రోజుల్లో బడిలో ఆ భాష మాట్లాడినందుకు తను చెంపదెబ్బలు తింది. కొట్టిన పంతులమ్మ కూడా ఇంట్లో అదే భాష మాట్లాడేదట. అది నాకు తగలాలనే అన్నదనుకున్నాను. పాఠాలు ఆగిపోయాయి. ఇంత చదువుకుని ఆయమ్మ దగ్గర నేర్చుకుంటుందట, నేర్చుకోనీ అని రెండు నెలలు ఉడికిపోయాను.

ఒకరోజు సాయంత్రం బడి నుంచి వచ్చేసరికి తలుపు దగ్గరికి వేసి ఉంది. లోపల చాప మీద అమ్మ, పక్కనే సిస్టరమ్మ. నాకు ఇవ్వాలని తమ ఊరి రోమన్ల కాలువ వంతెన బొమ్మ ఉన్న కార్డు తెచ్చిందట. నేను ఇంకా రాకపోయేసరికి అమ్మతో కలిసి వేరుసెనక్కాయలు ఒలుస్తూ కూర్చుందట. ఒలుస్తూ ఒలుస్తూ, “అవ్వా, ఎడం చెయ్యి ఎత్తలేకుండావే, యాడ నొస్తాంది?” అని అడిగిందట. అమ్మ లేచి తనే తలుపు దగ్గరికి వేసి, రవిక విప్పి చూపించిందట.

మరుసటి రోజే కర్నూలు పెద్దాసుపత్రికి తీసుకుపోయాము. ఆపరేషను చేశారు. ఆరు నెలల ముందు తెచ్చి ఉంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. ఆరు నెలల వెనక్కి నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను. అవి సరిగ్గా మా పాఠాలు మొదలైన రోజులు. అమ్మ ఆ తర్వాత ఏడాదిన్నర బతికింది.

వార్డులో అమ్మకు గంజి తాగిస్తూ ఉండబట్టలేక అడిగాను, ఎవరో పరాయి దేశం మనిషికి చెప్పి, కడుపున పుట్టిన నాకెందుకు చెప్పలేదని. నాకు ఏడుపు, కోపం రెండూ ముంచుకొస్తున్నాయి. అమ్మ గ్లాసు పక్కకు పెట్టింది.

“నీతో మాట్లాడాలంటే తప్పుల్లేకుండ మాట్లాడాల కదా పాపా. రొమ్ము అనొచ్చునో, అనకూడదో నాకేం తెలుసు? ఎట్ల చెప్పల్లనో తెలీక ఊరికే ఉంటి.”