పెద్ద సకినానికి సరిపడే డబ్బా

మా అమ్మ చుట్టిన సకినం అరచేతిలో పట్టదు. పళ్లెంలో పెడితే పళ్లెమే చిన్నదనిపిస్తుంది. ఇది గొప్పకు చెప్పడం లేదు. కాదు, గొప్పకే చెబుతున్నాను. ఇబ్రహీంపట్నంలో మా వాడలో ఎవరింట్లో పెళ్లయినా, ఆడబిడ్డకు సారె పంపాలన్నా, పిండి తడపగానే ముందు మా అమ్మకే కబురొచ్చేది. తెల్ల బట్ట పరుచుకుని కూర్చుని, నువ్వులూ వామూ కలిపిన బియ్యప్పిండిని వేళ్ల మధ్య సన్నగా మెలిపెడుతూ వరస చుట్టూ వరస గుండ్రంగా చుట్టేది; ఆరాక నూనెలో వేయించేవాళ్లు. సారె అందుకున్నవాళ్లు ఆ సకినాలు చూసి, పంపిన ఇంటివాళ్లను పొగిడేవాళ్లు. చుట్టిన మనిషి ఎవరని ఒక్కరూ అడిగేవాళ్లు కాదు. అమ్మ నవ్వి ఊరుకునేది. నాకు మాత్రం ఒళ్లు మండేది.

నగరం సాగర్ రోడ్డు పట్టుకుని మా వైపు పరుగున వస్తున్న రోజులవి. చేలల్లో హద్దురాళ్లు, రంగు జెండాలు మొలిచాయి. మీర్‌పేట్‌లో కాలనీ పక్కన కాలనీ లేచింది. అక్కడి ఆడవాళ్లు చాలామంది పొద్దున్నే ఉద్యోగాలకు పోయేవాళ్లు. సకినాలు తినాలని ఉన్నా, కూర్చుని చుట్టే తీరిక వాళ్లకెక్కడిది? ఈ సంగతి తట్టాక నాకు కాలు నిలవలేదు. అమ్మ చేతి సకినాలు ఇకమీదట ఇంకొకరి ఇంటివిగా కాదు, మావిగా జనంలోకి పోవాలి. నాకు కావలసింది అదొక్కటే. వాడలో కొందరు ఆడవాళ్లను కూడగట్టాను.

మీర్‌పేట్‌లో మిఠాయి దుకాణం నడిపే సేటు ఒకాయన రుచి చూసి తల ఊపాడు. "మస్తున్నయ్ అక్కా. గని గింత పెద్దగుంటే ప్యాకెట్ల పలుగుతయ్. పలిగినయి ఎవ్వరు కొంటరు? జర చిన్నగ చుట్టిపియ్యి" అన్నాడు. ఆయన మాట న్యాయంగానే తోచింది. ఆయన చెప్పిన కొలతకు చిన్న అట్టడబ్బాలు చేయించి తెచ్చాను.

చుట్టేవాళ్లకు కొలత చూపించి బజారుకు పోయి వచ్చాను. వచ్చి చూస్తే బట్ట నిండా పెద్ద సకినాలే! ఒక్క డబ్బాకూ మూత పడదు.

"చిన్నగ చుట్టమని చెప్పి పోతి గద!" అని అరిచాను.

"మొదలు చిన్నగనే చుట్టినం" అంది పక్కింటి అక్క. "మనసొప్పలే. తినేటోళ్లు ఏమనుకుంటరు? గీళ్లింట్ల పిండికి కరువొచ్చిందా అనరా?"

మా వైపు చిన్న సకినం పెట్టడమంటే వచ్చిన చుట్టాన్ని తక్కువ చేయడమే. ముక్కూ మొహం తెలియని మీర్‌పేట్ జనాన్ని కూడా వీళ్లు చుట్టాల్లో కలిపేసుకున్నారు. నేను తల పట్టుకున్నాను. అమ్మ చేయి ఆపకుండానే అంది: "గా డబ్బానే చిన్నగున్నది బిడ్డా. గంతకే లొల్లి చేస్తవేంది?"

కోపంలోనూ నవ్వొచ్చింది. వస్తువును డబ్బా కోసం కోసుకోవడమేమిటి, డబ్బానే వస్తువుకు తగ్గట్టు మార్చుకోవాలి గానీ. కొత్త డబ్బా వెడల్పుగా, సకినం కదలకుండా దాని కొలతకే చేయించాను. సకినానికీ సకినానికీ మధ్య కాగితం పెట్టాం. మూతకు గుండ్రంగా కిటికీ కత్తిరించి, లోపలి సకినం కనబడేలా ప్లాస్టిక్ కాగితం అంటించాం. దాని కింద పెద్ద అక్షరాలతో రాయించాను: 'ఇబ్రహీంపట్నం పెద్ద సకినాలు. చేత్తో చుట్టినవి.' డబ్బాలు ఆటోలో వేసుకుని, గుంతలన్నీ ఎగిరి దూకుతూ మీర్‌పేట్ చేరాను. విప్పి చూస్తే ఒక్కటీ పలగలేదు. సేటు ముందే పగలబడి నవ్వాను.

అంతటితో ఆగుతానా? ఒక ఆదివారం పొద్దున సేటు దుకాణం ముందు తెల్ల బట్ట పరిచి అమ్మను కూర్చోబెట్టాను. ఆమె చుట్టడం మొదలుపెట్టగానే పాలప్యాకెట్లకు వచ్చినవాళ్లు ఆగిపోయారు. పిల్లలు బట్ట చుట్టూ మూగారు. స్కూటర్ దిగిన ఒకాయన, "మా నాయనమ్మ గిట్లనే చుట్టేది" అంటూ చూస్తూ నిలబడిపోయాడు. ఎండ ముదరకముందే డబ్బాలన్నీ అయిపోయాయి.

సేటు ముఖం వెలిగిపోయింది. "ఇగ మీరు ఎన్ని తెచ్చినా తీసుకుంట. గని డబ్బా మీద మా దుకాణం పేరుండాలె. మీ ఊరి పేరు ఎవ్వరికెరుక?" అన్నాడు.

కాదంటే ఆ ఒక్క దుకాణమూ పోతుంది. నన్ను నమ్మి చేతులు కలిపిన ఆడవాళ్లకు ఏం చెప్పాలి? సరేనంటే మళ్లీ ఇంకొకరి ఇంటి సకినాలే. నేను ఎటూ తేల్చుకోకముందే అమ్మ చేతుల పిండి దులుపుకుంటూ లేచింది.

"నీ పేరు బోర్డు మీద ఉన్నది గద సేటూ, ఇంతింత అక్షరాలల్ల. గది నీ దుకాణం. గివి మేం చుట్టినయి. మా ఊరి పేరుతోనే ఉంటయ్. నచ్చితే పెట్టుకో. లేకుంటే బట్ట మలుచుకొని పోతం."

ఎప్పుడూ ఒకరి ఇంటి మూలన వంగి కూర్చుని చుట్టిన మనిషి, రోడ్డు మీద అందరి ముందూ నిటారుగా నిలబడింది. సేటు నన్ను చూశాడు. నేనూ బట్ట ఒక కొస పట్టుకున్నాను.

"ఆగున్రి, ఆగున్రి! మీ పేరే ఉండనియ్యిన్రి" అన్నాడు ఆయన.

అంతలో ఖాళీ అరను చూసి ఒకామె నిరాశగా, "అన్నీ అయిపోయినయా? ఎవరు చేసిన్రమ్మా గివి?" అని అడిగింది.

"మా అమ్మ!" అన్నాను, ఆ బజారంతా వినబడేలా.