మా తమ్ముడి వాల్వుల ఆంప్

నా నోరు మంచిది కాదని సారపాకలో అందరికీ తెలుసు. జాకెట్ కుట్టించుకోవడానికి వచ్చినవాళ్ళతో కూడా ఉన్నమాట అనేస్తాను: ఈ రంగు నీకు నప్పదు, ఈ గుడ్డ రెండు ఉతుకులకు పోతుంది అని. తిట్టుకుంటూనే వస్తారు, నా చేతి కుట్టు ఊడదు కాబట్టి. నా పేరు లిదియా. చెప్పబోయేది మాత్రం మా తమ్ముడు షాలేమ్‌రాజు సంగతి. పుట్టినప్పటి నుంచి వాణ్ణి ఒక్కసారి కూడా మెచ్చుకున్న పాపాన పోలేదు కనుక, వాడి గురించి నేను చెప్పేది నమ్మొచ్చు.

వాడు జామాయిల్ తోటలు కోస్తాడు. చర్ల రోడ్డు వెంట రైతుల తోటలు కోతకు వచ్చినప్పుడు ముఠాను తీసుకుని వెళ్ళి, మిషన్ రంపంతో మొదళ్ళు కోసి, తొక్క ఒలిపించి, లారీకి ఎత్తిస్తాడు. ఐటీఐలో ఎలక్ట్రీషియన్ చదివాడు గానీ ఆ ఉద్యోగం దొరికేలోపు ఈ పని అలవాటైపోయింది. రంపం అమ్మిన కొట్టువాడు చెవులకు పెట్టుకునే డిప్పలు కూడా ఇచ్చాడు. అవి వాడి వసారాలో మేకుకు వేలాడుతూ బూజు పట్టాయి. పెట్టుకోరా అని నేను ఎన్నిసార్లు పోరు పెట్టానో. చెట్టు ఒరిగే ముందు మొదలు దగ్గర సన్నగా చిట్లుతుందట. ఆ చప్పుడు విన్నవాడు పక్కకు తప్పుకుంటాడట, చెవులు మూసుకున్నవాడి మీదే చెట్టు పడుతుందట. ముఠాలో ఎవరూ పెట్టుకోరు. ప్రాణం కాపాడుకోవడానికే చెవులు తెరిచి ఉంచుకునేవాళ్ళకు ఏమని చెప్పను?

వారమంతా రంపం, ఆదివారం గిటారు. మీసం రాని నాటి నుంచి మా చర్చి సంఘంలో వాడే వాయిస్తాడు. గుడ్‌ఫ్రైడే రోజు ఏడు మాటల ఆరాధన ఉంటుంది. యేసు సిలువ మీద పలికిన ఒక్కో మాట మీద ఒక్కొక్కరు ప్రసంగం చేస్తారు, మధ్యమధ్య పాటలు. ఆరో మాట అయ్యాక మాత్రం పాట ఉండదు. అందరూ తలలు వంచుకుంటారు, షాలేమ్‌రాజు ఒక్కడే గిటారు వాయిస్తాడు. మా నాన్న చనిపోయిన ఏడాది మొదలైన పద్ధతి అది. ఇల్లు పోయినా మళ్ళీ కట్టుకుంటాడు గానీ, ఆ కాసేపు పోతే మా తమ్ముడు మనిషి కాడు.

ఆ కాసేపటి కోసమే, గిటారు స్వరాన్ని పెంచి వినిపించే పెట్టె, ఆంప్ అంటారు, అది తెప్పించాడు. కోయంబత్తూరులో ఒకాయన ఏడాదికి నాలుగైదు ఆంపులు మాత్రం తన చేత్తో కడతాడట. లోపల పాతకాలపు రేడియోల్లో ఉండే గాజు వాల్వులు ఉంటాయి. స్విచ్ వేశాక అవి వేడెక్కి ఎర్రబడితే గానీ పలకదు. చెప్పి పెట్టుకుని ఏడాది పైనే ఎదురుచూశాడు. అది వచ్చిన ఆదివారం వాడు తీగ మీటితే, పొయ్యి దగ్గర కూర్చుని మా అమ్మ తనలో తాను పాడుకునే గొంతు గుర్తొచ్చి నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. వాడితో అనలేదు. అంటే నెత్తికెక్కుతాడు.

అంత ముచ్చటపడి తెచ్చుకున్నదాని మీద కొన్నేళ్ళకు వాడికి అనుమానం మొదలైంది. స్వరం మబ్బుగా వస్తున్నదన్నాడు, మెరుపు పోయిందన్నాడు. ఆంప్ వెనుక చెక్క విప్పాడు. మొదటి వాల్వు మార్చాడు. వాల్యూమ్ దగ్గర చిన్న కండెన్సర్ ఒకటి అతికించాడు, సన్నటి స్వరాలు ఇంకా తేటగా దాటి వస్తాయని. చాల్లేదని స్పీకరే మార్చాడు. ఒక్కో మార్పుకూ ఆ ఆంప్ గొంతు పదునెక్కింది. చివరికి తీగ మీటితే పంటి నరం మీద సూది పెట్టినట్టుండేది.

ఆ మాట వాడికి ఎవరన్నా చెప్పారా అంటే, లేదు. దేవుని పనికి వంక పెట్టకూడదని మా సంఘంలో అలవాటు. రాగం తప్పి పాడినా స్తోత్రమే, మైకు కీచుమన్నా స్తోత్రమే. ముసలమ్మలు ముందు చాపలు వదిలి వెనక్కి జరిగారు, పైటకొంగులు చెవుల్లో దోపుకున్నారు, చంటిపిల్లలను ఎత్తుకుని తల్లులు బయటికి నడిచారు. ఆరాధన కాగానే మాత్రం సంఘపెద్ద సవరయ్య వాడి భుజం తట్టి, "మంచిగున్నది నాయనా, దేవుడు నిన్ను వాడుకుంటున్నడు" అనేవాడు. మిగతావాళ్ళు ఆమెన్ అనేవాళ్ళు. అన్నీ తెలిసి నేనెందుకు ఊరుకున్నానంటారా? ఊరుకోలేదు. చెవులు చిల్లులు పడుతున్నాయిరా అని మొహాన్నే చెప్పాను. అక్కకు ఏది నచ్చింది గనక అని నవ్వేసి పోయాడు.

మట్టల ఆదివారం ముందు రోజు మధ్యాహ్నం మా మరదలు బ్లెస్సీ పరుగున వచ్చింది. నేను వచ్చే శుక్రవారం గుడ్‌ఫ్రైడేకని తెల్ల జాకెట్లు కత్తిరిస్తున్నాను.

"వదినా, జర జల్దీ రా. మళ్ల ఆంప్ ఇప్పిండు. ఈసారి ఆ కోయంబత్తూరు ఆయన ఏసిన కండెన్సర్లే పీకేస్తడంట. నా మాట చెవిటోని ముందు శంఖం ఊదినట్టే ఉన్నది."

చేతిలో కత్తెర చేతిలోనే ఉంది, అలాగే వెళ్ళాను. వసారాలో నేల మీద ఆంప్ వెల్లకిలా ఉంది, వాల్వులు ఎర్రగా వెలుగుతున్నాయి. మనుషులు లేని ఇంట్లో నూనె మూకుడు పొయ్యి మీద మరిచిపోయినట్టు ఆంప్ నుంచి ఒకటే సుయ్‌మనే చప్పుడు. వాడు దాని ముందు గొంతుక్కూచుని స్పీకరుకు చెవి ఆనించి ఉన్నాడు. నన్ను చూడగానే వాడి మొహం వెలిగింది.

"రా అక్కా. నువ్వు ఊకె తిడ్తవు గదా, ఇప్పుడు చూడు. చప్పుడు అన్నది లేదు. ఎంత సాఫుగున్నదో."

బ్లెస్సీ నా మొహం చూసింది, నేను దాని మొహం చూశాను. వీధిలోకి వినిపిస్తోంది ఆ సుయ్ అనే చప్పుడు. స్పీకరుకు చెవి ఆనించినవాడు చప్పుడు లేదంటున్నాడు.

వాడు మళ్ళీ ఆంప్ వైపు తిరిగాడు. నేను వెనుకగా వెళ్ళి, వాడి చెవి పక్కన కత్తెర తెరిచి మూశాను. కదల్లేదు. ఇంకా దగ్గరగా పెట్టి మూశాను. స్క్రూ బిగించుకుంటూనే ఉన్నాడు. రెండో చెవి దగ్గరా అంతే. బ్లెస్సీ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. దాని నీడ కదిలినట్టుంది, వాడు తిరిగి చూశాడు. నా చేయి గాలిలోనే ఉంది.

"ఏందక్కా?"

వాడి కళ్ళ ముందే కత్తెర తెరిచి మూసి చూపించాను. వాడు నా చేతిలో కత్తెర తీసుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుని ఆడించాడు. కళ్ళు తెరిచి, కత్తెర ఆడుతున్నదో లేదో చూసుకుంటూ మళ్ళీ ఆడించాడు. ఆంప్ స్విచ్ కట్టేసి గోడకు చేరగిలబడ్డాడు.

"అంటే... ఆంప్‌ది ఏం తప్పు లేదన్నట్టు" అన్నాడు.

మేకుకు వేలాడుతున్న చెవిడిప్పల వంక వాడూ చూశాడు, నేనూ చూశాను. అప్పుడు తిట్టలేదు. తిట్టడానికి అంతకన్నా మంచి సందు దొరకదు, అయినా మనసొప్పలేదు.

సోమవారం ఖమ్మం తీసుకుపోయాను. డాక్టరమ్మ గాజు గదిలో కూర్చోబెట్టి పరీక్ష చేసింది. మాటలు వినపడతాయి గానీ సన్నటి చప్పుళ్ళు పోయాయనీ, అవి ఇక తిరిగి రావనీ, ఉన్నవైనా నిలవాలంటే రంపం దగ్గర చెవులు మూసుకోవాల్సిందేననీ చెప్పింది. వచ్చేటప్పుడు బస్సులో వాడు కిటికీ వైపే తిరిగి కూర్చున్నాడు. ఊరు దగ్గరపడ్డాక అన్నాడు:

"శుక్రవారం నేను వాయియ్యనక్కా."

"ఎందుకు వాయియ్యవు?"

"చెవులు పోయినయని కాదు. ఇన్నాళ్ళు అందరు మంచిగుందన్నరు. ముసలోళ్ళు చెవులల్ల కొంగులు పెట్టుకునుడు నేను చూసిన. ఎండకనుకున్న. ఇగ ఎవరు మంచిగుందన్నా నాకెట్ల తెలుస్తది? ఎవని మాట నమ్మాలె?"

సవరయ్య మీద, ఆమెన్ అన్న ప్రతి నోటి మీద నాకు మండిపోయింది. మొహమాటంతో మనిషిని గోతిలోకి దింపారు.

"నేను నిన్ను ఎన్నడన్న మంచిగున్నదన్ననా?" అని అడిగాను.

ఆలోచించాడు. "లేదు."

"మరి నా మాట నమ్ము."

మంగళవారం తోటకు పోలేదు వాడు. నేను జాకెట్ల మూట పక్కన పడేసి వసారాలో పీట వేసుకుని కూర్చున్నాను. ఆ ఆంప్ స్విచ్ తీసినా లోపల చావగొట్టేంత కరెంటు దాగి ఉంటుందట. క్లిప్పులున్న వైరుతో ముందు దాన్ని చంపి, షాక్ గుండెకు పాకకుండా ఎడమ చెయ్యి వీపు వెనుక పెట్టుకుని, ఒక్క చేత్తోనే పని చేశాడు. తాను పెట్టినవి ఒక్కొక్కటే తీశాడు. ఒకటి తీయడం, మూత వేయడం, వాల్వులు వేడెక్కేదాకా ఆగడం, తీగ మీటడం, నా మొహం చూడడం.

"ఎట్లున్నది?"

"గీరుతున్నది."

కండెన్సర్ ఊడబెరికాడు. "ఇప్పుడు?"

"కొంచెం నయం. ఇంకా పంటి కింద ఇసుక ఉన్నట్టే ఉన్నది."

అటక మీద నుంచి పాత స్పీకరు దింపి బిగించాడు. అప్పట్లో తీసేసిన వాల్వు వెతికి తెచ్చి గుచ్చాడు. నాకు ఒక్కో మెట్టుకూ ఆ గొంతు తిరిగి వస్తూ ఉంటే, వాడికి ఒక్కో మెట్టుకూ పోతోంది. అది వాడి మొహంలో కనబడుతోంది. "దుప్పటి మీద దుప్పటి కప్పినట్టుందక్కా" అన్నాడు గానీ చెయ్యి ఆపలేదు. చివరికి మీటినప్పుడు పొయ్యి దగ్గరి మా అమ్మ గొంతు వసారాలోకి వచ్చింది. బ్లెస్సీ వంటింట్లోంచి గరిటెతో అలాగే బయటికి వచ్చి నిలబడింది.

"మంచిగున్నదిరా" అన్నాను. ఆ మాట అనడం నాకు చేతకాదు.

వాడు నా సుద్దముక్క అడిగి తీసుకుని, ఆంప్ మీద స్వరం సర్దే మరలు ఎంతవరకు తిప్పి ఉన్నాయో అక్కడ గీతలు పెట్టాడు. అప్పుడు ఇంకో మాట చెప్పాడు. వాయించేదాంట్లో చివరి స్వరం సన్నగా చాలాసేపు సాగుతుందట. అది ఉండగా తీగ మీద వేలు తీస్తే తెగిపోతుంది. అది ఎప్పుడు ఆగేదీ ఇక తనకు తెలియదు.

"నువ్వు ముందు చాప మీద కూసో. చెయ్యి తెరిచి ఒళ్ళ పెట్టుకో. ఆగినంక మూయి. నీ చెయ్యి చూసి తీస్త" అన్నాడు.

గుడ్‌ఫ్రైడే రోజు ఎండ మండిపోతోంది. అందరూ తెల్లబట్టల్లో ఉన్నారు, సగం జాకెట్లు నేను కుట్టినవే. ముసలమ్మలు అలవాటుగా వెనుక చాపల మీదే కూర్చున్నారు. ఆరో మాట ప్రసంగం సవరయ్యదే. అది ముగిశాక తలలు వంగాయి. షాలేమ్‌రాజు లేచాడు, వాల్వులు వేడెక్కి ఉన్నాయి, వాయించాడు. నేను తల వంచలేదు. వెనక్కి తిరిగి చూశాను. ఒక్క పైటకొంగు కూడా చెవి దాకా పోలేదు. జంపక్క అని మా సంఘంలో అందరికన్నా పెద్దావిడ, వెనుక నుంచి పాక్కుంటూ ముందు చాప మీదకు వచ్చి నా పక్కన కూర్చుంది.

చివరి స్వరం మీటి, తీగ మీద వేలు ఉంచి, వాడు నా చేతినే చూస్తున్నాడు. ఆ స్వరం సన్నబడి, ఇంకా సన్నబడి, ఫ్యాను చప్పుడులో కలిసిపోయింది. నేను గుప్పిట మూయాలి. వాడి మొహం చూస్తే, వినపడని దాన్ని వింటున్నవాడి మొహం అది. చెయ్యి మూతపడలేదు. గుడి అంతా నిశ్శబ్దంగా ఉంది. ఎవరికీ ఏమీ వినిపించడం లేదు, వాడు ఒక్కడే కదలకుండా తీగ పట్టుకుని నిలబడ్డాడు. ఆ తర్వాత ఎప్పటికో మూశాను. వాడు వేలు తీశాడు.

ఆరాధన అయ్యాక గిటారు సంచిలో పెట్టుకుని నా దగ్గరికి వచ్చాడు.

"గంతసేపు మోగిందా అక్కా?"

"అవ్ రా" అన్నాను.

చెప్పింది నేను కదా, నమ్మాడు.